మూడు కాళ్ల మీద 40 కిలోలు

పెద్ద కుక్కకు కాలు తీసేయాలని డాక్టరు చెప్పగానే ఇంట్లో ముందు వినపడే మాట "మూడు కాళ్లతో ఎలా నడుస్తుంది, పాపం?" ఆ వెనకే ఇంకొకరు "ఇంత నరకం చూపించే బదులు ఒక ఇంజెక్షన్‌తో పోనిస్తే నయం కదా" అంటారు. రెండూ ప్రేమతో అన్న మాటలే. అయితే కుక్క నిజంగా పడే ఇబ్బందికీ, మనుషులు ఊహించుకునే ఇబ్బందికీ పొంతన కుదరదు. చాలా కుక్కలు ఆపరేషన్ అయిన మరునాటికే లేచి నిలబడతాయి. పది పదిహేను రోజులు తిరిగేసరికి కాలింగ్ బెల్ మోగితే అందరికన్నా ముందు గుమ్మం దగ్గరికి చేరేది అదే అవుతుంది. అమెరికాలో 2015లో వెలువడిన ఒక అధ్యయనంలో, కాలు తీయించిన 64 కుక్కల విషయంలో యజమానులను అడిగితే 86 శాతం మంది మళ్లీ అలాంటి పరిస్థితి వచ్చినా ఇదే నిర్ణయం తీసుకుంటామన్నారు.

ఇందులో ఆశ్చర్యపోవాల్సింది పెద్దగా లేదు. ఎముక క్యాన్సర్ వచ్చిన కుక్క ఆపరేషన్‌కు ముందే వారాల తరబడి ఆ కాలు ఎత్తిపట్టుకుని నడుస్తుంటుంది. మూడు కాళ్ల నడక దానికి అప్పటికే అలవాటు. ఆపరేషన్‌తో పోయేది కాలితో పాటు రాత్రీ పగలూ వేధించే నొప్పి కూడా. రోడ్డు ప్రమాదంలో ఒక్క రోజులో కాలు పోగొట్టుకున్న కుక్కకు ఆ ముందస్తు అలవాటు ఉండదు కాబట్టి కొంచెం ఎక్కువ సమయం పట్టొచ్చు. ఎలా చూసినా నెల రోజుల్లోపే చాలావరకు సర్దుకుంటాయి.

అలాగని పెద్ద కుక్కను పామరేనియన్‌తో పోల్చి తేలిగ్గా తీసుకోవడానికి లేదు. నాలుగు కిలోల కుక్క మూడు కాళ్ల మీద గెంతుతూ జీవితమంతా గడిపేయగలదు. 40 కిలోల రాట్‌వీలర్ లెక్క వేరు. దాని విషయంలో ఇంట్లోవాళ్ల దృష్టి పోయిన కాలి మీదే ఉండిపోతుంది. మానిపోతున్న కుట్ల వైపు రోజుకు పదిసార్లు చూస్తారు. కానీ దాని ముందున్న ఏళ్లు బాగా గడుస్తాయా లేదా అన్నది తేల్చేది మిగిలిన మూడు కాళ్లు. చేయాల్సిన పనిలో ఎక్కువ భాగం వాటి కోసమే.

ముందు కాలా, వెనక కాలా

నాలుగు కాళ్ల మీద నిలబడిన కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీద, 40 శాతం వెనక కాళ్ల మీద పడుతుంది. అంటే 40 కిలోల కుక్కకు ఒక్కో ముందు కాలు మోసేది 12 కిలోలు, ఒక్కో వెనక కాలు మోసేది 8 కిలోలు. వెనక కాలు ఒకటి తీసేస్తే మిగిలిన వెనక కాలి మీద మొత్తం బరువులో పావు వంతుకు కాస్త ఎక్కువ, అంటే 10 కిలోల పైచిలుకు పడుతుంది. మిగతాది ముందు కాళ్లు పంచుకుంటాయి, ఒక్కోదానికి 15 కిలోల దాకా. ముందు కాలు పోతే పరిస్థితి ఇంకా బరువైనది. మిగిలిన ఆ ఒక్క ముందు కాలి మీదే దాదాపు సగం బరువు, 19 కిలోల వరకు వచ్చి పడుతుంది. పైగా పరిగెత్తేటప్పుడు బ్రేకు వేసేది, మెట్టు దిగేటప్పుడు అదురు తట్టుకునేది ముందు కాళ్లే. వెనక కాళ్ల ముఖ్యమైన పని ముందుకు తోయడం. అందుకే వెనక కాలు పోయిన కుక్కలు సాధారణంగా త్వరగా తేరుకుంటాయి. తల పెద్దగా, ఛాతీ వెడల్పుగా ఉండే రాట్‌వీలర్, గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్ జాతుల్లో ముందు కాలు పోతే జాగ్రత్త రెట్టింపు కావాలి.

నడక చూస్తేనే ఈ తేడా తెలుస్తుంది. వెనక కాలు ఒక్కటే మిగిలిన కుక్క ఆ కాలిని మెల్లమెల్లగా ఒంటి మధ్యకు తెచ్చుకుంటుంది, తోకను తూకం కోసం వాడుకుంటుంది. ముందు కాలు పోయిన కుక్క మిగిలిన పాదాన్ని ఛాతీ కింద సరిగ్గా మధ్యలో పెట్టి, తల ఒక్కసారి పైకి విసిరి, ఆ ఊపుతో అడుగు వేస్తుంది. ప్రతి అడుగుకీ తల లేస్తూ వాలుతూ ఉంటుంది. రెండింటిలోనూ కనిపించే ఇంకో విచిత్రం ఏమిటంటే, వాటికి నెమ్మదిగా నడవడం కన్నా కాస్త వేగంగా పోవడం తేలిక, అన్నిటికన్నా కష్టం కదలకుండా నిలబడటం. లీష్ పట్టుకుని "మెల్లగా, మెల్లగా" అని లాగేవాళ్లకు ఈ సంగతి తెలియక, కుక్క మొండికేస్తోందని అనుకుంటారు.

ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాల్సినవి

మిగిలిన మూడు కాళ్లూ ఈ బరువు మోయగలవా అన్న ప్రశ్న కాలు తీయక ముందే అడగాలి. లాబ్రడార్లలో, జర్మన్ షెపర్డ్‌లలో హిప్ డిస్‌ప్లేసియా, అంటే తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం, ఎక్కువ. తుంటి కీలు ముందే అరిగి ఉంటే ఎక్స్‌రేలో తెలుస్తుంది. వయసు మళ్లిన జర్మన్ షెపర్డ్ వెనక కాళ్లు ఈడుస్తూ, గోళ్లు నేలకు రాసుకుంటూ నడుస్తుంటే అది వెన్నుపాము జబ్బు కావచ్చు. అలాంటి కుక్కకు ముందు కాలు తీసేస్తే నిలబడటం కష్టం. కొద్దిపాటి కీళ్లనొప్పో, కాస్త ఊబకాయమో ఉన్నంత మాత్రాన ఆపరేషన్ వద్దనుకోనక్కర్లేదు. కాకపోతే ఆ తర్వాత పని పెరుగుతుంది.

మన దగ్గర తప్పకుండా చూడాల్సింది ఇంకొకటి ఉంది, టిక్ ఫీవర్. పిడుదుల వల్ల వచ్చే ఎర్లిచియా అనే ఈ జ్వరం ఇక్కడి కుక్కల్లో బాగా మామూలు. పైకి ఏమీ కనిపించకుండానే రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గించేస్తుంది. ప్లేట్‌లెట్లు తక్కువున్న కుక్కకు ఇంత పెద్ద ఆపరేషన్ చేస్తే రక్తస్రావం ఆపడం కష్టం. రక్తపరీక్ష చేయించి, అవసరమైతే ముందు ఆ జ్వరానికి మందులిచ్చి తర్వాత కాలి సంగతి చూడటం మంచిది. క్యాన్సర్ అనుమానం ఉంటే ఛాతీ ఎక్స్‌రే కూడా ముందే తీస్తారు. ఊపిరితిత్తుల్లో అప్పటికే గడ్డలు కనిపిస్తే కాలు తీయడం వల్ల ఒరిగేదెంత అన్నది డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స విభాగాలు ఉన్నాయి. ఊళ్లో సౌకర్యం లేనివాళ్లు అక్కడికి వెళ్లొచ్చు.

ఎంత వరకు తీయాలి అన్న దగ్గర చాలామంది "కొంచెమైనా ఉంచండి డాక్టర్" అని బతిమాలుతారు. కాలి ముక్క మిగిలితే కుక్క దాన్ని నేలకు ఆనించాలని చూసి పుండు చేసుకుంటుంది. అందుకే ముందు కాలైతే భుజం రెక్క ఎముకతో సహా, వెనక కాలైతే తొడ మధ్య నుంచి గానీ తుంటి కీలు దగ్గర గానీ తీసేయడమే ఎక్కువగా జరిగేది. చూడటానికి కోత పెద్దదిగా అనిపించినా మానడం తేలిక.

ఇంటికి తెచ్చిన మొదటి రాత్రులు

కుక్కను ఇంటికి తెచ్చిన రాత్రి దాదాపు అందరూ భయపడతారు. సగం ఒళ్లు గొరిగేసి, భుజం నుంచి ఛాతీ దాకా కుట్లు, చుట్టూ నీలం ఊదా రంగుల కమిలిన మచ్చలు. రెండో రోజు ఆ కమిలినది పొట్ట కిందికి జారినట్టు కనిపిస్తుంది. చర్మం కింద చేరిన రక్తం కిందికి దిగడం మామూలే. కుట్ల దగ్గర మెత్తగా నీటి సంచిలా వాపు రావడం కూడా తరచుగా జరిగేదే, చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. దాన్ని ఇంట్లో సూదితో గుచ్చడం, పిండటం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. మొదటి రెండు మూడు రోజులు ఐసు ముక్కలు పలచటి గుడ్డలో చుట్టి, పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు పెడితే వాపూ నొప్పీ రెండూ తగ్గుతాయి.

ఆ రాత్రి కుక్క పడుకోకుండా మూలుగుతూ, రొప్పుతూ, శూన్యంలోకి చూస్తూ ఉంటే అదంతా నొప్పే అనుకోనక్కర్లేదు. మార్ఫిన్ తరగతి మందుల మత్తులో కుక్కలు ఇలా అయోమయంగా ప్రవర్తిస్తాయి. ఒకటి రెండు రోజుల్లో ఆ మత్తు దిగుతుంది. తికమక వచ్చేది ఆ తర్వాతే. మొదటి రోజు లేచి తిరిగిన కుక్క మూడో రోజో నాలుగో రోజో డీలా పడి, ఎవరినీ పట్టించుకోకుండా పడుకుంటుంది. ఆసుపత్రిలో ఇచ్చిన గట్టి మందుల ప్రభావం పోయి, ఇంటి మాత్రల మీద నెట్టుకొస్తున్న సమయం అది. "తప్పు చేశామా" అన్న టెన్షన్ ఇంట్లో ఎక్కువయ్యేదీ అప్పుడే. ఆ రోజున డాక్టరుకు ఫోన్ చేసి మాత్రల మోతాదు సరిపోతోందో లేదో అడగాలి. నొప్పి ముదిరాక తగ్గించడం కన్నా రాకముందే వేళకు మాత్ర వేయడం సులువు. గంట తప్పకుండా మాత్ర పడాలంటే ఫోనులో అలారం పెట్టుకోవడం ఒక్కటే దారి.

మెలాక్సికామ్ లేదా కార్ప్రోఫెన్ లాంటి వాపు నొప్పి మందు, దానితో పాటు నరాల నొప్పికి గాబాపెంటిన్, ఇలా రెండు రకాలు కలిపి ఇవ్వడం ఇప్పుడు ఎక్కువగా జరుగుతోంది. ట్రామడాల్ కూడా రాస్తారు గానీ మనుషుల్లో పనిచేసినంతగా అది కుక్కల్లో పనిచేయదు, ఎందుకంటే దాన్ని గట్టి నొప్పి మందుగా మార్చే ప్రక్రియ వాటి ఒంట్లో బలహీనం. మందుల షాపుకు పరిగెత్తి మనుషుల మాత్ర తేవడం మాత్రం ప్రాణాల మీదకు వస్తుంది. కాంబిఫ్లామ్‌లో ఉండే ఐబుప్రోఫెన్, అలాగే డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. డైక్లోఫెనాక్ తిన్న పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని తేలి 2006లో మన దేశంలో దాన్ని పశువులకు వాడకుండా నిషేధించారు. మెలాక్సికామ్ ముందుకొచ్చింది ఆ తర్వాతే. దురదకనో మరొకందుకనో ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ వాడుతున్న కుక్కకైతే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. స్టెరాయిడ్, వాపు మందు రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. విరేచనం నల్లగా తారులా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా మాత్ర ఆపి వెంటనే వెళ్లాలి.

లేని కాలు నొప్పెట్టడం మనుషుల్లో అందరికీ తెలిసిన విషయమే. కుక్క చెప్పలేదు కాబట్టి గుర్తులను బట్టి పట్టుకోవాలి. ప్రశాంతంగా పడుకున్న కుక్క ఉన్నట్టుండి కేక పెట్టి లేచి, కాలు ఉండాల్సిన వైపు తిరిగి చూస్తుంది, అక్కడి కండ అదురుతుంటుంది. గాబాపెంటిన్‌ను ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గించమనేది ఇలాంటి నొప్పి తిరగబెట్టకుండా ఉండటానికి కూడా.

గాయం విషయంలో మన వాతావరణంలో అసలు శత్రువు ఈగ. ఆరుబయట కట్టేసిన కుక్క కుట్ల మీద ఈగ వాలి గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. కుట్లు తీసే దాకా, అంటే 10 నుంచి 14 రోజులు, ఇంట్లోనే ఉంచాలి, అవసరమైతే దోమతెర కట్టాలి. పసుపు పూయడం, కొబ్బరినూనె రాయడం, సున్నం అద్దడం లాంటివి పెద్దవాళ్లు ఎంత ప్రేమగా చెప్పినా వద్దు. శుభ్రంగా కుట్టిన గాయానికి కావాల్సింది పొడిగా ఉండటం ఒక్కటే. గాయం నాకకుండా మెడకు కట్టే గరాటు లాంటి కోన్ తప్పదు. కోన్ పెడితే గోడలకు గుద్దుకుంటూ మూడు కాళ్ల మీద తూలే కుక్కకు, ముందు కాలి గాయమైతే, పెద్దవాళ్ల పాత కాటన్ బనియన్ తొడిగి నడుము దగ్గర ముడి వేస్తే కోన్ తీసినప్పుడు కాసేపు పనికొస్తుంది. కాపలాగా ఒకరు పక్కనే ఉండాలి. కుక్క నాలుకకు ఒక్క అరగంట చాలు, కుట్లు ఊడొస్తాయి.

రెండు మూడు రోజులు మలవిసర్జన లేకపోయినా కంగారు పడనక్కర్లేదు. మత్తు మందులు పేగులను నెమ్మది చేస్తాయి, అసలు కూర్చునే భంగిమే దానికి కొత్త. మూత్రం మాత్రం రోజులోపు పోసుకోవాలి. ఒంటి ఉష్ణోగ్రత 103 ఫారెన్‌హీట్ దాటడం, చిగుళ్లు తెల్లబడటం, గాయం నుంచి చెడు వాసనతో చీము, రోజుకు మించి అన్నం ముట్టకపోవడం డాక్టరుకు చూపించాల్సిన గుర్తులు. లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతుల్లో ఇంకోటి గుర్తుంచుకోవాలి. పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా మళ్లీ మళ్లీ ఓకరిస్తుంటే అది కడుపు మెలిపడటం కావచ్చు. అప్పుడు తెల్లారేదాకా ఆగితే కుక్క దక్కదు.

గ్రానైట్ నేల

ఇప్పుడు కట్టే ఇళ్లలో నేలంతా విట్రిఫైడ్ టైల్స్, లేదంటే గ్రానైట్. రోజుకు రెండుసార్లు తడిగుడ్డ పెట్టే అలవాటు. మూడు కాళ్ల కుక్కకు ఇంతకన్నా ప్రమాదకరమైన చోటు లేదు. నాలుగు కాళ్లున్నప్పుడు ఒకటి జారితే మూడు కాపాడేవి. ఇప్పుడు ఒకటి జారితే పడిపోవడమే. ముందు కాలు పోయిన కుక్క పడితే గడ్డం నేలకు కొట్టుకుంటుంది. వెనక కాలు పోయిన కుక్క జారితే మిగిలిన మోకాలి లిగమెంట్ తెగొచ్చు. బరువైన జాతుల్లో ఆ లిగమెంట్ మామూలుగానే బలహీనం. ఒకే వెనక కాలున్న కుక్కకు అదీ తెగితే చేయగలిగింది చాలా తక్కువ. అంతకన్నా ముందు జరిగే నష్టం ఇంకోటి ఉంది. రెండుసార్లు జారి పడ్డ కుక్క మూడోసారి లేవడానికే భయపడుతుంది. "డల్ అయిపోయింది, తిండి దగ్గరికి కూడా రావట్లేదు" అని ఇంట్లోవాళ్లు అనుకునేది చాలాసార్లు నేల భయమే.

ఆసుపత్రి నుంచి తేకముందే నేల సంగతి చూడాలి. కుక్క పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కణ్నుంచి తలుపు దాకా, తలుపు నుంచి అది మూత్రానికి వెళ్లే చోటు దాకా తెగకుండా ఒక దారి పరవాలి. యోగా మ్యాట్లు కొత్తల్లో పట్టు బాగానే ఇస్తాయి గానీ పెద్ద కుక్క గోళ్లకు నెలలోపే చీలిపోతాయి. జిమ్‌లలో వేసే నల్ల రబ్బరు మ్యాట్ బరువుగా ఉండి కదలదు, కడిగితే ఆరుతుంది. జంపఖానాలు, దుప్పట్లు పరిస్తే అసలుకే మోసం, కుక్క కాలేయగానే గుడ్డతో సహా జారుతుంది. తడిగుడ్డ పెట్టేది కుక్క నిద్రపోతున్నప్పుడు, నేల ఆరేదాకా దాన్ని కదలనీయకుండా. గోళ్లు నేలకు తగిలి టకటకమని చప్పుడు చేస్తున్నాయంటే అవి పెరిగినట్టే, కత్తిరించాలి. గోల్డెన్ రిట్రీవర్ లాంటి బొచ్చు కుక్కలకు పాదం కింద మెత్తల మధ్య వెంట్రుకలు గొరిగితే పట్టు ఎంతో పెరుగుతుంది. ఇంత చిన్న పనిని చాలామంది పట్టించుకోరు.

లేవనెత్తడానికి ఒంటికి తొడిగే ప్రత్యేకమైన పట్టీ, హార్నెస్, దొరికితే మంచిదే. లేకపోతే పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి, వెనక కాలు పోయిన కుక్కకు పొట్ట కింద తొడలకు దగ్గరగా, ముందు కాలు పోయిన కుక్కకు ఛాతీ కింద, కుట్లకు ఒత్తిడి తగలకుండా పెట్టి పైకి పట్టుకోవాలి. బరువు మొత్తం మోయనక్కర్లేదు, తూలితే ఆపేంత పట్టు చాలు. మోసేస్తుంటే కుక్క తన కాళ్లు వాడటం మానేస్తుంది. కారులోకి ఎక్కించేటప్పుడు, మెట్లు దించేటప్పుడు మాత్రం ఇద్దరు కావాలి, ఒకరు ఛాతీ దగ్గర, ఒకరు వెనక. మొదటి రెండు వారాలు మెట్లు వద్దే వద్దు. లిఫ్ట్ లేని అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉండేవాళ్లు ఆ రెండు వారాలూ కింద ఇంట్లోనో పార్కింగ్ పక్క గదిలోనో ఏర్పాటు చేసుకోగలిగితే ఆ కష్టం నిజంగా తప్పుతుంది.

ముందు కాలు పోయిన కుక్క నేల మీది గిన్నెలోకి వంగినప్పుడు బరువంతా ఒక్క మణికట్టు మీదికి వెళ్తుంది. గిన్నెను చెక్క పీట మీద పెడితే ఆ వంపు తగ్గుతుంది. మరీ ఎత్తు స్టాండు పెడితే పెద్ద జాతుల్లో కడుపు ఉబ్బే ప్రమాదం పెరుగుతుందన్న వాదన ఉంది కాబట్టి పీటంత ఎత్తు చాలు. పడుకుని తింటానంటే తిననివ్వాలి.

బాగైపోయిందనుకునే రోజులు

కుట్లు తీసేశాక ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కుక్క హుషారుగా ఉంటుంది, బంతి తెచ్చి కాళ్ల దగ్గర పెడుతుంది. దెబ్బలు తగిలే అవకాశం ఎక్కువున్నది ఈ మూడో వారం నుంచి రెండో నెల చివరి దాకా. మనసు పరిగెత్తమంటుంది, కొత్త బరువుకు కండలు ఇంకా సిద్ధపడలేదు. బంతి విసరడం, ఫ్రిస్బీ, ఇంకో కుక్కతో కుస్తీ, సోఫా మీది నుంచి దూకడం ఈ దశలో ఆపాలి. దీపావళి దగ్గర్లో ఆపరేషన్ అయితే టపాకాయల చప్పుడుకు బెదిరి పరుగెత్తే కుక్కకు డాక్టరును అడిగి ముందే ఏదైనా మందు సిద్ధం చేసుకోవడం నయం.

ఐదు నిమిషాల నడక రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కసారిగా అరగంట నడిపించేకన్నా మేలు. వారానికి రెండు మూడు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. మధ్యలో కూర్చుంటే కూర్చోనివ్వాలి. నడక కన్నా ఎక్కువ ఫలితమిచ్చేది ఇంట్లో మ్యాట్ మీద చేయించే చిన్న పనులు. కుక్కను నిలబెట్టి, ఉడికించిన చికెన్ ముక్కను ముక్కు ముందు పట్టి, నెమ్మదిగా దాని భుజం వైపు, తర్వాత తుంటి వైపు తిప్పితే మెడ, నడుము ఒంగి బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతుంది. ఐదు సెకన్లు అలా ఆపి ముక్క ఇచ్చేయాలి. నిలబడ్డప్పుడు భుజాన్ని వేళ్లతో తోసీ తోయనట్టు తోస్తే అది తిరిగి సర్దుకుంటుంది. పొట్టా వీపూ గట్టిపడేది ఆ సర్దుకోవడంలోనే. నెల గడిచాక చీపురు కర్రలు గానీ ప్లాస్టిక్ పైపులు గానీ నేల మీద వరసగా పరిచి దాటించవచ్చు. కాళ్లు ఎత్తి పెట్టడం అలా వస్తుంది. మెడ, భుజాలు, వీపు మీద కండలు కొత్త పనికి బిగుసుకుపోతాయి, రోజూ పది నిమిషాలు మెల్లగా మర్దన చేస్తే కుక్క ఒళ్లప్పగించి పడుకుంటుంది. పెద్ద నగరాల్లో కొన్నిచోట్ల నీటిలో నడిపించే ట్రెడ్‌మిల్ దొరుకుతోంది, అందుబాటులో ఉంటే బరువు పడకుండా కండ పెంచడానికి అది చాలా మంచిది. ఈత కూడా మంచిదే. కాకపోతే ముందు కాలు లేని కుక్కను లైఫ్ జాకెట్ లేకుండా నీళ్లలో దించకూడదు.

వేసవిలో ఈ లెక్కలన్నీ మారతాయి. గెంతే నడకకు శక్తి ఎక్కువ ఖర్చవుతుంది, ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది, కుక్కకు చల్లబడే ముఖ్యమైన దారి రొప్పడమే. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో తెల్లవారి ఆరు దాటితే బయటికి తీసుకెళ్లకపోవడమే మంచిది. తారు రోడ్డు మీద అరచేయి ఐదు సెకన్లు ఆనించలేకపోతే అక్కడ పాదమూ పెట్టనీయకూడదు. మూడే పాదాలున్న కుక్కకు ఒకటి కాలితే దాచుకునే వీలుండదు.

ముద్దు, ముద్ద

ఆపరేషన్ తర్వాత పెద్ద కుక్క జీవితాన్ని చెడగొట్టేవాటిలో మొదటిది జాలితో పెట్టే తిండి. "పాపం, కాలు పోయింది" అంటూ ఒకరు బిస్కెట్, ఒకరు నెయ్యన్నం, చుట్టాలొస్తే మిఠాయి. అసలే నడక తగ్గిన కుక్క. 35 కిలోల లాబ్రడార్ కదలకుండా పడుకున్నా రోజుకు ఖర్చయ్యేది సుమారు 1,000 కేలరీలు, మామూలుగా తిరిగే రోజుల్లో 1,600 వరకు. గ్లూకోజ్ బిస్కెట్ ఒకటికి 20 కేలరీలకు పైనే. పది బిస్కెట్లంటే దాని రోజు తిండిలో ఎనిమిదో వంతు పైగా అప్పుడే అయిపోయింది. మూడు కిలోలు పెరిగితే ముందు కాలు పోయిన కుక్కలో అందులో దాదాపు సగం ఒకే కాలి మీదికి వెళ్తుంది. 

మొదటి రెండు వారాలు గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి కాబట్టి ఉడికించిన గుడ్డు, చికెన్ ధారాళంగా పెట్టొచ్చు, ఉల్లి వెల్లుల్లి లేకుండా. ఆ తర్వాత తూకం మొదలెట్టాలి. పెద్ద కుక్కను ఇంట్లో తూచడానికి దాన్ని ఎత్తుకుని మెషీన్ ఎక్కడం కుదరదు కాబట్టి చేతి పరీక్ష ఉత్తమం. పక్కటెముకల మీద అరచేయి తేలిగ్గా రాస్తే ఎముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుము లోపలికి కనిపించాలి. వేళ్లతో నొక్కితే గానీ ఎముక తగలట్లేదంటే అన్నం తగ్గించాల్సిందే. ఆపరేషన్‌కు ముందున్న బరువు కన్నా కాస్త తక్కువలో ఉంచడం మంచిది. కాలి బరువు పోయిందన్న సంగతి కూడా ఆ లెక్కలో ఉండాలి. బిస్కెట్ బదులు దోసకాయ ముక్క, క్యారట్ ముక్క ఇచ్చినా లాబ్రడార్ తేడా పట్టించుకోదు.

క్యాన్సర్ అయితే

పెద్ద జాతుల్లో కాలు తీయాల్సి రావడానికి పెద్ద కారణాల్లో ఒకటి ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్. ఇది మోచేతికి దూరంగా, మోకాలికి దగ్గరగా వస్తుంది, అంటే మణికట్టు పైన, భుజం దగ్గర, మోకాలికి అటూ ఇటూ. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా కనిపించినా, పది కుక్కల్లో తొమ్మిదింటికి అప్పటికే కంటికి కనపడనంత చిన్న కణాలు అక్కడికి చేరి ఉంటాయి. అందుకే కాలు తీయడం ఒక్కటే చేస్తే సగటున నాలుగైదు నెలలు, దానికి కార్బోప్లాటిన్ లాంటి కీమో తోడైతే 10 నుంచి 12 నెలలు. రెండేళ్లు దాటేవి కీమో తీసుకున్నవాటిలో సుమారు ఐదింట ఒకటి. కీమో సాధారణంగా మూడు వారాలకోసారి, నాలుగు నుంచి ఆరు డోసులు. మనుషుల్లో చూసినంత వాంతులు, జుట్టు రాలడం కుక్కల్లో ఉండదు. మోతాదు తక్కువగా ఉంచి, ఆయువుతో పాటు సుఖాన్నీ చూసుకుంటారు.

ఈ అంకెలు విని ఆపరేషన్ దండగ అనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లను తప్పు పట్టలేం. కానీ ఆస్టియోసార్కోమా నొప్పి భరించరానిది, ఎముక ఏ క్షణానైనా విరుగుతుంది. కాలు తీసేది ప్రధానంగా ఆ నొప్పి నుంచి తప్పించడానికి. ఏడాది బతికే కుక్కకు నెల రోజుల కోలుకునే కాలం ఎక్కువా తక్కువా అన్నది ఒక్కో ఇల్లు ఒక్కోలా తేల్చుకుంటుంది. ప్రమాదంలో కాలు పోయిన మూడేళ్ల కుక్కకు ఈ ప్రశ్నే రాదు, దానికి ఇంకా ఎనిమిదేళ్ల జీవితం ఉంది.

కృత్రిమ కాలు గురించి అడిగేవాళ్లు చాలామంది. జైపూర్‌లో తపేష్ మాథుర్ అనే పశువైద్యుడు ఆవులకు కృత్రిమ కాళ్లు అమర్చడం వార్తల్లో వచ్చింది. కుక్కలకు కూడా చేస్తారు. కానీ దానికి మోచేయి లేదా మోకాలి కింద తగినంత కాలు మిగలాలి, అంటే ఆపరేషన్‌కు ముందే అనుకోవాలి. భుజం దాకా తీసేశాక తగిలించడానికి చోటుండదు, చాలా కుక్కలకు అవసరమూ ఉండదు.

ఆర్నెల్లు గడిచాక చూడాల్సినవి వేరు. ముందు కాలు ఒక్కటే మిగిలిన కుక్క మణికట్టు నేల వైపు కుంగిపోతోందా, వేళ్లు వెడల్పుగా విచ్చుకుంటున్నాయా, పాదం మెత్త ఒకవైపే అరుగుతోందా అన్నది నెలకోసారైనా చూడాలి. వెనక కాలు ఒక్కటే ఉన్న కుక్క పొద్దున్నే లేవడానికి రెండు మూడు ప్రయత్నాలు చేస్తుంటే, కారు దగ్గరికొచ్చి ఎక్కకుండా ముఖం చూస్తుంటే, నడకలో మునుపటి కన్నా ఎక్కువసార్లు కూర్చుంటుంటే వయసు మీద నెట్టేయకుండా కీళ్లకు ఎక్స్‌రే తీయించాలి. తొలి దశలో పట్టుకున్న కీళ్లనొప్పికి బరువు తగ్గించడం, మాత్రలు, ఫిజియోథెరపీ చాలావరకు సరిపోతాయి. కుంగిన మణికట్టుకు వేసే పట్టీ కూడా మొదట్లో వేస్తేనే పనిచేస్తుంది.